నది ఘాట్‌లో తవ్విన గుంతను పూడ్చేదెవరు?

సంపాదకులకు,

ఆర్యా,

గత కార్తిక పౌర్ణమి నాడు కర్నూలులో తుంగభద్ర స్నానానికి దిగిన మా వియ్యపురాలి వేలి ఉంగరం నీళ్లలో జారిపోయింది. తెల్లవారుజామున చలికి వేళ్లు ముడుచుకుపోయి ఉండడం, చేతులకు పసుపు రాసుకుని ఉండడం రెండూ కలిసి వచ్చాయి. తాడుకు అయస్కాంతం కట్టి నదిలో చిల్లర ఏరుకునే పిల్లలు వెంటనే చుట్టూ మూగి, తామే తీసిస్తామని దిగబోయారు. స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకుంటుంది గాని నికెల్ ఇత్తడితో చేసిన అయిదు రూపాయల బిళ్ల అంటుకోదని, బంగారం సంగతి చెప్పనే అక్కరలేదని, బడిలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పిన అలవాటుకొద్దీ వాళ్లకు అక్కడే ఒక పాఠం చెప్పి ఆపవలసి వచ్చింది.

చివరికి మా వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక యువకుడు, లోహం దగ్గరికి రాగానే మోగే మెటల్ డిటెక్టరుతో, భుజాన బరువైన చిల్లుల పారతో వచ్చి, ముప్పావు గంటలో ఆ ఉంగరం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. సరిగ్గా పదిహేను రోజులకు, అదే ఘాట్‌లో, అలాంటి పారతోనే మరెవరో తవ్వి వదిలేసిన గుంతలో నా కాలు పడి మడమ బెణికింది. మేలూ కీడూ ఒకే పనిముట్టు వల్ల చూసినవాణ్ని కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఆ చిల్లుల పారను ఇలా వెతికేవాళ్లు స్కూప్ అంటారు. బూందీ దూసే చిల్లుల గంటెను అయిదారు లీటర్లు పట్టే బుట్టంత చేసి, ముందు అంచును పదును పెట్టి, వెనక కాలితో తొక్కడానికి ఒక పలక అతికి, ఛాతీ ఎత్తు పిడి బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒడ్డున పొడి ఇసుకకైతే తేలికపాటి అల్యూమినియం పార చాలునని, పారే నీళ్లలో అది ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోతుందని, గులకరాళ్లు బిగుసుకున్న అడుగులోకి దాని అంచు దిగదని ఆ యువకుడు చెప్పాడు. మందపాటి స్టీలుతో చేసిన పార తన బరువుతోనే అడుగున నిలబడుతుంది, కాలు వేసి తొక్కితే జానెడు దిగుతుంది. చూస్తుండగానే అతను డిటెక్టరు కర్ర కొసనున్న చక్రాన్ని నది అడుగుకు ఆనించి అటూ ఇటూ తిప్పి, మోత గట్టిగా వచ్చిన చోట తన పాదం గుర్తుగా పెట్టి, చక్రాన్ని దూరంగా జరిపి, పాదం వెనక నుంచి పారను దించాడు. చక్రాన్ని జరపకపోతే పార ఇనుముకే యంత్రం కేకలు పెడుతుందట.

ఇక్కడ ఒక చిన్న లెక్క. తడిసిన ఇసుక లీటరుకు ఇంచుమించు రెండు కిలోలు తూగుతుంది. అయిదు లీటర్ల పార నిండితే పది కిలోలు, పైన పార బరువు. నీళ్లలో ఉన్నంతసేపు ఆ ఇసుక అయిదు కిలోలుగానే తోస్తుంది, పైకి తేగానే మొత్తం భారం నడుము మీద పడుతుంది. అందుకే అనుభవమున్నవాడు పారను నీటి మట్టం కిందనే ఊపి, ఇసుక చిల్లుల్లోంచి జారిపోయాక మిగిలినదాన్నే పైకెత్తుతాడు. మా వియ్యపురాలి ఉంగరం ఆరో పారకు దొరికింది. అంతకు ముందు అయిదు సార్లు వచ్చినవి ఏమిటంటే, ఒక జడపిన్ను, రెండు మేకులు, కర్పూరం పొట్లం రేకు, ఒక బిళ్ల. రేకు మోతా, పలచని బంగారం మోతా ఒకేలా ఉంటాయి కనుక రేకును వదిలేద్దామనుకుంటే ఉంగరమూ పోతుంది. అంటే ఘాట్‌లో మనం పారేసే ప్రతి రేకు ముక్కకూ ఒక గుంత తప్పదు.

అసలు ఈ సరంజామా సముద్రతీరాల కోసం తయారైంది. ఉప్పునీటికి విద్యుత్తు ప్రవహించే గుణం ఎక్కువ కనుక అక్కడ మామూలు డిటెక్టరు తడి ఇసుకకే మోగుతుంది, ఆ ఉప్పు తడికి మోగకుండా లోహానికే మోగేలా చేసిన ప్రత్యేక యంత్రాలు కావాలి. మన నదిలో ఆ బాధ లేదు. అయితే సముద్రపు అల తవ్విన గుంతను తానే పూడుస్తుంది, సుంకేసుల బ్యారేజీ దిగువన కార్తికంలో నిదానంగా సాగే మన తుంగభద్రలో ఒండ్రు కలిసిన అడుగు తవ్వినది తవ్వినట్టే నిలిచిపోతుంది. నా కాలు పడిన గుంత లోతు తరవాత చేతికర్ర దించి చూశాను. చుట్టూ మోకాలి లోతు నీళ్లుంటే అక్కడ తొడ దాటింది. పైనుంచి చూస్తే బురదనీళ్లు తప్ప ఏమీ కనిపించదు. మా మనవడి ఎత్తు పిల్లవాడు అందులో దిగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చేయి రావడం లేదు.

మరో ముప్పు మెట్ల కింద ఉంది. బంగారం నీటికంటే ఎన్నో రెట్లు బరువైనది కనుక జారిన చోటికి దగ్గరలోనే దిగి, వదులు ఇసుక దాటి గట్టి పొర మీద ఆగుతుంది. జనం స్నానం చేసేది మెట్ల దగ్గరే కాబట్టి వెతికేవారూ చివరి మెట్టు అంచునే తవ్వుతున్నారు. అక్కడ పదిమంది పది పారలు తీస్తే, మొదటి వరద నీరు మెట్టు కిందికి చొరబడి మట్టిని కోసేస్తుంది. 2009 అక్టోబరు వరదను చూసిన కర్నూలువారికి నీటి కోత గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి ఈ యువకులకు తెలియాలి. వేసవిలో శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం పరిసరాలకూ, పెన్న ఒడ్డున పుష్పగిరి, సిద్ధవటం వంటి చోట్లకూ ఈ పారలు తీసుకుపోవాలని కొందరికి ఆశగా ఉన్నట్టు వింటున్నాను. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. గుప్తనిధుల పేరుతో గుళ్లూ కోటలూ తవ్విన ముఠాల వార్తలు మన సీమలో కొత్త కావు గనుక, డిటెక్టరు చేతపట్టిన మంచివాణ్ని కూడా పోలీసులు అనుమానించడంలో వింత లేదు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాలు వెతికేవారు కూడా తనను ఈ యంత్రం అద్దెకు అడిగారని మా యువకుడు నవ్వుతూ చెప్పాడు. వజ్రం లోహం కాదు, కర్బనం. దాని మీద ఎన్నిసార్లు తిప్పినా యంత్రం నోరు మెదపదు.

ఈ పారలను నిషేధించమని నేను కోరడం లేదు. నిషేధిస్తే పుస్తెలో, మెట్టెలో పోగొట్టుకున్న ఆడవాళ్లు మళ్లీ అయస్కాంతం పిల్లల పాలబడతారు. పర్వదినాల్లో ఘాట్ల దగ్గర ఉండే గజ ఈతగాళ్లకు ఒక డిటెక్టరు, ఒక బరువైన పార ఇచ్చి, వాడకం నేర్పి, పోయిన వస్తువు, దొరికిన వస్తువు రెండూ ఒక పుస్తకంలో రాయించాలి. పార చిల్లులు చిటికెన వేలు పట్టేంత ఉంటే ఉంగరం ఆగుతుంది గాని ముక్కుపుడక జారిపోతుంది కనుక లోపల సన్నటి వల పరిచి ఇవ్వాలి. ప్రయివేటుగా వెతికేవారు ముందుగా ఘాట్ సిబ్బందికి చెప్పి, చివరి మెట్టుకు రెండు బారల దూరంలోపు తవ్వకుండా, తీసిన ప్రతి గుంతనూ అదే పారతో, ఆ చోటు వదలక ముందే పూడ్చాలి. మా యువకుడు ఆ రోజు ఆరు గుంతలూ పూడ్చి, పైన కాలితో తొక్కి చూసుకున్నాకే ఒడ్డెక్కాడు. దానికి పట్టింది అయిదు నిమిషాలు.

వస్తువు పోగొట్టుకున్నవారికి కూడా ఒక మనవి. జారిన చోటే ఒక కర్ర పాతి, పదిమందినీ దింపి తొక్కించకుండా ఆగండి. తొక్కినకొద్దీ ఉంగరం ఇంకా లోతుకు పోతుంది.

కృష్ణా పుష్కరాలు 2028లో వస్తున్నాయి. సంగమేశ్వరం వైపు లక్షల మంది నదిలో దిగుతారు. ఈ ఏర్పాటును అప్పటిదాకా వాయిదా వేయకుండా, రాబోయే కార్తికంలోనే కర్నూలులో ఒక్క ఘాట్‌లో మొదలుపెట్టి చూడవలసిందిగా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు