ఇటుకల దుప్పట్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

ఇటుకల దుప్పటికి ఆర్డరిచ్చిన ఐదుగురికీ ముందుగా ఓ సంగతి చెప్పాలి. మొదటి దుప్పటి అందుకున్న హైదరాబాద్ ఆవిడ, "ఒక వంకాయరంగు ముక్క వెలిసినట్టుందేంటండీ?" అని ఫొటో పెట్టి అడిగారు. కెమెరా వెలుగుకి అలా పడి ఉంటుందన్నాను. అబద్ధం. ఆ ముక్క దారం లాటే, అంటే రంగు వేసిన విడతే, వేరు, తెలిసే పంపాను. నిన్న ఫోన్ చేసి ఆవిడకి చెప్పేశాను. మిగతా నలుగురూ అడక్కముందే ఇక్కడ చెబుతున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం: ఇది టెట్రిస్ ఆట బోర్డుని అల్లికలో దింపిన దుప్పటి. ఆ పేరు ఆట కంపెనీ సొంతం కాబట్టి లేబుల్ మీద ఇటుకల దుప్పటి అనే వేస్తున్నాను. చిన్నప్పుడు తిరునాళ్ళలో ఏడ్చి కొనిపించుకున్న "9999 ఇన్ 1" బ్రిక్ గేమ్ గుర్తుందా, అదే. అడ్డం 10 గళ్ళు, నిలువు 20. గడి 4 అంగుళాలు కాబట్టి దుప్పటి 40 బై 80, సింగిల్ మంచానికి సరిపోతుంది. రాజమండ్రి ఎండలకి ఊలు ఎవరు కప్పుకుంటారని కాటన్ దారమే వాడాను. మనం ఆడిన దాంట్లో అన్నీ నల్ల ఇటుకలే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ రాసిన మొట్టమొదటి ఆటలోనైతే ఇటుకలకి బదులు బ్రాకెట్ గుర్తులే, ఆ కంప్యూటర్‌కి బొమ్మలు గీయడం రాదు. ఏడు ఆకారాలకి ఏడు రంగులు తర్వాత వచ్చినవి. నేను వాటినే పట్టుకున్నాను. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారానిది వంకాయరంగు. తంటా అంతా దానితోనే.

200 గళ్ళు, ముక్కకి నాలుగు చొప్పున 50 ముక్కలు. ఏడు రకాలూ ఏడేసి వేస్తే 49, పైన ఇంకో పొడవు కర్ర, అంటే నాలుగు గళ్ళూ ఒకే వరసలో ఉండే ముక్క. ఈ లెక్క మీద ఐదు దుప్పట్లకీ దారం ఒకేసారి తెప్పించాను. గళ్ళన్నీ అల్లేశాం, నాలుగేసి కలిపి ముక్కలు చేశాం, హాల్లో సామానంతా జరిపి నేల మీద పరిచాం. పట్టవు! ఆటలో నయం, నిండిన వరస మాయమైపోతుంది, కింద సందులు మిగిలినా నడిచిపోతుంది. దుప్పటిలో సందు అంటే చిల్లే. నాలుగు రాత్రులు మోకాళ్ళ మీద పాకాను. మా ఆయన ఓ రాత్రి సాయానికి కూర్చుని, నడుం పట్టేసిందంటూ లేచిపోయారు.

మా చెల్లి కొడుకు, టెన్త్ చదువుతున్నాడు, చూసి "పెద్దమ్మా, ఇది జన్మలో పట్టదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వాడు గళ్ళ కాగితం తీసి చదరంగం బల్లలా గడి విడిచి గడి నలుపు కొట్టాడు. నల్లవి 100, తెల్లవి 100. మిగతా ఆరు ఆకారాలూ ఎక్కడ పెట్టినా రెండు నల్లవి, రెండు తెల్లవి కప్పుతాయి. టీ ఒక్కటే ఎటు తిప్పినా మూడూ ఒకటీ. ఒక టీ మూడు నల్లవి కప్పితే, ఇంకో టీ మూడు తెల్లవి కప్పి సరిచెయ్యాలి. అందుకని టీలు సరిసంఖ్యలో ఉంటేనే లెక్క తెగుతుంది. నేను పెట్టినవి ఏడు. పొడవు కర్ర ఒకటి తీసేసి ఎనిమిదో టీ పెట్టమన్నాడు. ఆదివారం పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకి అన్నీ కూర్చున్నాయి.

ఆ ఎనిమిదో టీకి నాలుగు గళ్ళు కావాలి, ఐదు దుప్పట్లకి ఇరవై. గడికి 12 గ్రాముల చొప్పున పావుకిలో దారం. కొట్టుకి పరిగెత్తితే అదే షేడ్ నంబరు ఉంది, లాట్ నంబరు వేరు. రంగు వేసిన విడత మారితే ఛాయ కాస్త అటూ ఇటూ అవుతుంది. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకటే అనిపించాయి. తెల్లారి కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఒకటి వంకాయ, ఒకటి నేరేడు. అప్పటికే గడువు దాటి తొమ్మిది రోజులు. ఆ ముక్కని కాళ్ళవైపు మూలకి తోసి, కలిపేసి పంపేశాను.

హైదరాబాద్ ఆవిడ దుప్పటి వెనక్కి ఇవ్వనన్నారు, వాళ్ళబ్బాయి వదలట్లేదట. 500 మాత్రం తిరిగి వేశాను. మీ నలుగురూ నేరేడు ముక్కతో సరే అంటే మీకూ 500 తగ్గుతుంది. వద్దంటే ఎనిమిది టీలూ కొత్త లాట్‌తోనే మళ్ళీ అల్లిస్తాను, ఇంకో నెల పడుతుంది. రెండూ వద్దంటే డబ్బు మొత్తం వెనక్కి.

ధర గురించి కూడా. గడి అల్లడం తేలికే: గార్టర్ అల్లికలో (అన్ని వరసలూ ఒకే రకం కుట్టు) 20 కుట్లు వేసి 40 వరసలు లాగితే చదరం వస్తుంది, చెయ్యి తిరిగినవాళ్ళకి 40 నిమిషాలు. అసలు పని తర్వాతే. గడికి రెండు దారం కొసలు, దుప్పటికి 400. ఒక్కోదాన్నీ సూదితో లోపలికి దాచాలి. గళ్ళు కలిపేది నర్సాపురం నుంచి వచ్చిన ఇద్దరక్కలు. లేసు అల్లిన చేతులు, వాళ్ళ క్రోషా నడుస్తుంటే నేను దారం అందించలేను. అన్నీ కలిపి ఒక్కో దుప్పటికి 170 గంటలు. 6,500 అన్నప్పుడు గంటలు లెక్కే కట్టలేదు. దారం 3,400 పోతే గంటకి పద్దెనిమిది రూపాయలు! అక్కలకి అలా ఎలా ఇస్తాను? తేడా నేనే వేసుకున్నాను. ఇకమీద కొత్త ఆర్డరు 11,000. మీ ఐదుగురికీ పాత ధరే.

తడిస్తే బరువుకి సాగుతుంది, తీగ మీద వేలాడదీయకండి. మంచం మీద పరిచి నీడన ఆరబెట్టండి.

పార్సెల్‌లో ఆకాశం రంగు పొడవు కర్ర ఒకటి విడిగా కనిపిస్తే పొరపాటున వచ్చిందనుకోకండి. లెక్క తప్పి మిగిలిపోయిన ముక్క అది, ఆటలో ఎంత ఎదురుచూసినా రానిది. మీరే ఉంచుకోండి.