ఈసారి నేరం బెట్టాది కాదు

మన అక్వేరియం దుకాణంలో బెట్టా (ఫైటర్ చేప), చెర్రీ ష్రింప్ (చిన్న ఎర్ర రొయ్యలు), జావా మాస్ (నీళ్లలో పెరిగే నాచు మొక్క) మూడూ కలిపి తీసుకెళ్లినవాళ్లలో చాలామందికి ఈమధ్య ష్రింప్ రాత్రికి రాత్రే పోయాయి. అందరి నోటా ఒకటే మాట, "మీ ఫైటర్ చంపేసింది" అని. ఒకాయనైతే పదిమంది ముందే "పొగరుబోతు చేపల్ని అంటగడుతున్నారు" అన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బెట్టా ష్రింప్ జోలికి పోదని నేనెప్పుడూ చెప్పలేదు. పురుగుల్నీ లార్వాల్నీ పట్టి తినే జాతి అది. కానీ అది చంపితే ఆనవాళ్లు వేరేగా ఉంటాయి. పిల్ల ష్రింప్ అయితే అసలు కనబడదు. పెద్దదైతే కళ్లో కాళ్లో కొరికేసి ఉంటాయి. మీరు పంపిన ఫొటోల్లో మాత్రం చచ్చిన ష్రింప్ ఒంటిమీద చిన్న గాటు కూడా లేదు. ఒక వీడియోలో అయితే ష్రింప్ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది, బెట్టా ఓ మూల తన మానాన తాను ఉంది.

దాంతో కొత్తగా వచ్చిన మాస్ కట్టను బెట్టా లేని తొట్టిలో వేసి, కొన్ని ష్రింప్ వదిలి చూశాను. ముందు పిచ్చెక్కినట్టు గిరగిరా ఈదాయి. తర్వాత పక్కకు ఒరిగాయి. లేవబోయి మళ్లీ పడ్డాయి. తెల్లారేసరికి ఒక్కటీ బతికి లేదు. పక్క తొట్టిలో, మనమే పెంచుకున్న మాస్‌లో, బెట్టాతో కలిసి ఉన్నవి మాత్రం హాయిగా పాకుతూ మేస్తున్నాయి. నీళ్లను విషం చేసే అమ్మోనియా, నైట్రైట్ రెండు తొట్లలోనూ సున్నాయే.

సప్లయర్‌ని అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు "చేపలకేం కాలేదుగా, మాస్‌లో ఏముంటుంది?" అన్నాడు. చేపలకేం కాకపోవడమే ఇక్కడ అసలు సంగతి! మొక్కల మీద పురుగులు రాకుండా కొట్టే కొన్ని మందుల్ని చేప తట్టుకుంటుంది, ష్రింప్ తట్టుకోలేదు. పురుగుకీ ష్రింప్‌కీ చుట్టరికం ఉంది, పురుగును చంపేది దాన్నీ చంపుతుంది. రాగి కూడా అంతే. చేపల జబ్బులకు వాడే కొన్ని మందుల్లో అది ఉంటుంది, అవి ష్రింప్ ఉన్న తొట్టిలో వేయకూడదు. గట్టిగా నిలదీస్తే చివరికి "ప్యాకింగ్‌కి ముందు మందు కొడతారు, అది మామూలే" అన్నాడు. మామూలేనట! ష్రింప్ తొట్లకే కావాలని అడిగి మరీ తెప్పించిన మాస్ అది.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం ఆ మిగతా స్టాకు. బాగా నానబెట్టి, "ష్రింప్ తొట్లకు పనికిరాదు" అని చీటీ అంటించి అమ్మేద్దామన్నారు మా వాళ్లు. పాము చావదు, కర్ర విరగదు. నాకూ ఆశ పుట్టకపోలేదు, సరుకు అంత ఉంది మరి. కానీ ఆ చీటీ ఇంటికెళ్లే దారిలో ఊడిపోతుంది, మాస్ మాత్రం తొట్టిలోకి చేరుతుంది. రేపు మళ్లీ ఎవరింట్లోనో ష్రింప్ పోతే నింద పడేది ఎవరి మీద? నా బెట్టా మీద. మొత్తం ఎండబెట్టి చెత్తలో వేయించాను. కాలువలో వేస్తే అక్కడి పురుగూ పుట్రా పోతాయి. సప్లయర్ తర్వాత తగ్గింపు ఇస్తానని వచ్చాడు. ఊరికే ఇచ్చినా వద్దన్నాను. నష్టం నాదే, మొండితనమూ నాదే.

మీ దగ్గర ఆ మాస్ ఉంటే ఇవాళే తీసేయండి. నీళ్లు కొంచెం కొంచెంగా కొన్నిసార్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (మందును పీల్చుకునే బొగ్గు) వేయండి. పోయిన ష్రింప్‌కి బదులు మళ్లీ ఇస్తాను, కానీ అదే రోజు ఇవ్వను. తొట్టి కుదురుకోవాలి.

ఇకనుంచి మూడూ ఒకే సంచిలో అమ్మను. ముందు మాస్, తర్వాత ష్రింప్, అవి చోటు మరిగాక ఆఖరున బెట్టా. 20 లీటర్లకు తక్కువ తొట్టిలో ఈ కాపురం వద్దు, గాజు గిన్నె సంగతి అసలు ఎత్తకండి. 24 నుంచి 26 డిగ్రీల వేడి బెట్టాకీ ష్రింప్‌కీ సరిపోతుంది. పొర విడిచిన ష్రింప్ ఒళ్లు మెత్తగా ఉంటుంది, అప్పుడు దాక్కోవడానికి మాస్ దట్టంగా ఉండాలి. పుట్టిన పిల్లలు సుమారు రెండు మిల్లీమీటర్లే ఉంటాయి, వాటిలో చాలావరకు బెట్టా నోట్లోకే. ఇష్టం లేకపోతే అమానో ష్రింప్ పెట్టుకోండి. 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, మంచినీళ్లలో వాటి పిల్లలు బతకవు కాబట్టి ఆ బాధే ఉండదు.

కొన్ని బెట్టాలు ఏం చేసినా వేట మానవు. అలాంటప్పుడు ష్రింప్‌ని తెచ్చివ్వండి, తీసుకుంటాను. బెట్టాను మాత్రం తీసుకోను, అది దాని స్వభావం ప్రకారమే నడుచుకుంది. మన సొంత మాస్ ప్రస్తుతం కొంచెమే ఉంది. ష్రింప్ పోగొట్టుకున్నవాళ్లకే ముందు ఇస్తున్నాను.