బాత్రూంలో గ్యాస్ గీజర్, వెంటిలేటర్‌కి థర్మకోల్: మీ చెరువుగట్టు విడిది గురించి ఫిర్యాదు

జయపురం,
కోరాపుట్ జిల్లా.

మేనేజర్ గారికి నమస్కారం.

విషయం: అడవిలో చెరువు ఒడ్డున ఉన్న మీ విడిదిలో ప్రాణాపాయకరమైన గీజర్లు, కుంపట్లు. వాటిని వెంటనే మార్చడం, మా సొమ్ములో కొంత వాపసు ఇవ్వడం.

కార్తీకంలో రెండు రాత్రులకు మూడు కాటేజీలు తీసుకున్నాం. ఒక్కోటి రాత్రికి 3,200 చొప్పున మొత్తం 19,200 రూపాయలు ముందే కట్టాం. రసీదు నకలు జతచేశాం. చెరువు బాగుంది, గట్టు అవతల వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి, వంటవాడి చేతి చేపల పులుసుకు వంక పెట్టలేం. ఫిర్యాదు చాలావరకు బాత్రూం గురించే. మాలో ఇద్దరు గీజర్లు బిగించే పనివాళ్లు కాబట్టి వివరంగా రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

మీ ప్రకటనలో 24 గంటలూ వేడినీళ్లు అన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి కరెంటు గీజర్లు పీకేసి, ప్రతి బాత్రూంలోనూ నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గ్యాస్ గీజర్ పెట్టించారు. ఎందుకు పెట్టించారో మాకు అర్థమైంది. కరెంటు గీజర్ ఒక్కోటి 2 కిలోవాట్లు లాగుతుంది. ఆరు కాటేజీలకు 12 కిలోవాట్లు. మీ 5 కేవీఏ జనరేటర్ అందులో మూడో వంతు మోస్తే గొప్ప. ఇక కొండమీద లైను కరెంటు సాయంత్రం ఏడయ్యేసరికి నీరసపడిపోతుంది. గ్యాస్ గీజర్‌కి ఆ బాధ లేదు, రెండు పెద్ద సెల్లులు వేస్తే చాలు. ఆలోచన తప్పు కాదు, బిగించిన చోటు తప్పు.

ఆ బాత్రూం లోపలి కొలత 5 అడుగులు, 6 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంటే 240 ఘనపుటడుగులు, సుమారు 6.8 ఘనమీటర్ల గాలి. ఆ చలిలో నీళ్లను స్నానానికి సరిపడా కాచాలంటే ఆ గీజర్ నిమిషానికి దగ్గర దగ్గర 15 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. పది నిమిషాలకు 150 గ్రాములు. అంత గ్యాస్ పూర్తిగా కాలడానికి రెండు ఘనమీటర్లకు పైగా గాలి కావాలి. అంటే తలుపు, కిటికీ బిగించి ఉంటే ఒక్కరి స్నానం పూర్తయ్యేలోపే గదిలో మూడో వంతు గాలిలోని ఆక్సిజన్ ఖర్చైపోతుంది. అంతకు ముందే మంట పాడవుతుంది. నీలంగా ఉండాల్సింది పసుపుకు తిరుగుతుంది, బొగ్గుపులుసు వాయువుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ వదలడం మొదలుపెడుతుంది. ఆ విష వాయువుకు వాసన లేదు, రంగు లేదు. సిలిండర్ లీకైతే ముక్కుకు తెలియాలని గ్యాస్‌లో ఘాటు వాసన కలుపుతారు గానీ, కాలిన తర్వాత వచ్చే ఈ విషానికి అలాంటి కాపలా ఏదీ లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

రెండో నంబరు కాటేజీలో గీజర్ పైన గోడ చూడండి. జానెడు వెడల్పున సున్నం నల్లబడి ఉంది, వేలితో రాస్తే మసి అంటుకుంటుంది. మంట సరిగా కాలడం లేదని ఆ గోడే చెబుతోంది. ఇక వెంటిలేటర్‌కి చలిగాలి రాకుండా థర్మకోల్ షీటు కోసి, చుట్టూ ప్యాకింగ్ టేపు అంటించారు. టేపు ఎండి గోధుమరంగుకు వచ్చింది కాబట్టి అది నిన్నో మొన్నో చేసిన పని కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అని మీ కేర్‌టేకర్ అన్నాడు. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, గీజర్ ఆగదు. అసలు గ్యాస్ గీజర్ పెట్టించిందే కరెంటును నమ్ముకోలేక కదా!

ఇంకో సంగతి. ఈ విషం ఎక్కినప్పుడు మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేటట్టు ఉండడం, తర్వాత కాళ్లు పట్టు తప్పడం. సాలూరు దాటి సుంకి ఘాట్ మలుపులెక్కి వచ్చినవాళ్లకి ఇవన్నీ ఘాట్ రోడ్డు తిప్పుడులాగే అనిపిస్తాయి. నిమ్మకాయ వాసన చూసి, కాస్త పడుకుంటే తగ్గుతుందనుకుంటారు. తడి తువ్వాలుతో బయటికొచ్చి కూలబడినవాళ్లు అదృష్టవంతులు. లోపల పడిపోతే, మీ తలుపులకున్నది లోపలి గడియ ఒక్కటే, బయటినుంచి తీసే దారి లేదు.

సిలిండర్ సంగతి కూడా చెప్పాలి. బాత్రూంలోనే, గీజర్ కింద, ఎర్రటి 14.2 కిలోల ఇంటి సిలిండర్ పెట్టారు. విడిదిలాంటి వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. అది చట్టం సంగతి, మీరు చూసుకోండి. మా భయం వేరే. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది, తూము గుంటలో నిలుస్తుంది. గొట్టం చూస్తే పాత పచ్చ రబ్బరుది, వంపు దగ్గర చీలికలు కనిపిస్తున్నాయి. ఐఎస్ఐ గుర్తున్న నారింజరంగు సురక్షా గొట్టం వేయాలి, అదైనా ఐదేళ్లకు మార్చాలి. సెల్లులు నీరసించినా ముప్పే: నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, ఈలోగా వదిలిన గ్యాస్ ఒక్కసారిగా భగ్గుమంటుంది.

దీన్ని సరిచేయడం పెద్ద ఖర్చేం కాదు. గీజర్‌ని బాత్రూం వెనక గోడకు బయటివైపు, చూరు కింద బిగించండి. గోడకు కన్నం వేసి వేడికి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు మూడు, నాలుగడుగులు వేసి వేడినీళ్లు లోపలికి తెచ్చుకోవచ్చు. సిలిండర్ కూడా బయటే, జాలీ బోనులో. ఆరు కాటేజీలకు ఒక ప్లంబరు, ఒక హెల్పరు మూడు రోజుల్లో ముగిస్తారు. కాకపోతే మూడు జాగ్రత్తలు: గీజర్ సరిగ్గా వెంటిలేటర్ కింద రాకూడదు, పొగ మళ్లీ లోపలికే పోతుంది. చెరువు వైపు గోడకూ పెట్టకండి, గాలి విసురుకు మంట ఆరిపోతుంది. పై నుంచి వర్షం చినుకు పడకుండా రేకు కప్పు తప్పనిసరి, ఆశ్వయుజ, కార్తీకాల్లో మన వైపు తుపాను వానలు ఉండనే ఉంటాయి.

ఈ పని అయ్యేదాకా అతిథులతో బక్కెట్ స్నానం చేయించండి. తలుపు బార్లా తీసి, బక్కెట్ నింపి, కుళాయి కట్టేసి, సిలిండర్ నాబ్ ఆఫ్ చేసి, కాసేపు ఆగి, అప్పుడు గడియ వేసుకోవాలి. ఆ ముక్క ఒడియాలోనూ తెలుగులోనూ రాసి గీజర్ పక్కన అంటించండి. ఇప్పుడున్న ఇంగ్లీషు స్టిక్కరు పెద్దవాళ్లెవరూ చదవలేరు. తలుపు అడుగున రెండంగుళాలు కోయించి, గడియ బయటినుంచి కూడా తీసేలా మార్పించండి.

కుంపటి విషయంలో మాత్రం మెల్లగా మారుస్తాం అంటే ఒప్పుకోం. చలి అనగానే మీవాళ్లు నిప్పుల కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్తున్నారు. బొగ్గు పొగ రాదు కాబట్టి మంచిదనుకుంటున్నారు. ఆ బొగ్గు వదిలేదీ ఇదే విషం, పైగా నిద్రలో. కుంపటి వరండా దాటి లోపలికి రాకూడదు. రెండేసి రజాయిలు, వేడినీళ్ల రబ్బరు సంచులు ఇవ్వండి, చాలు.

మిగతావి చిన్నవే. దోమతెరల్లో చిల్లులు కుట్టించండి, మలేరియా జిల్లాలో అది సింగారం కాదు. పడవలో పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఒక్కటీ లేదు. వనభోజనానికి ఉసిరి చెట్టు ఉందని ఫోటో వేశారు, అది పుల్ల ఉసిరి, కార్తీక పూజకు వాడే పెద్ద ఉసిరి కాదు. మా ముసలమ్మలు దాని కింద విస్తరి వేయడానికి ఒప్పుకోలేదు. దీనికి మాత్రం పరిహారం అడగడం లేదు లెండి.

అడిగేది రెండు. ఒక రాత్రి బాడుగ 9,600 రూపాయలు వాపసు, ఎందుకంటే రెండో రాత్రి మేం గీజర్ ముట్టుకోలేదు, నీళ్లు వంటింట్లో కాయించి మోసుకున్నాం. గీజర్లు బయటికి మార్చే తేదీ రాసిచ్చి, మార్చాక ఫోటోలు పంపడం రెండోది. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. మేముండే జిల్లాలోనే వేయవచ్చు, ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు.

నల్లబడిన గోడ, టేపు అంటించిన వెంటిలేటర్, చీలిన గొట్టం ఫోటోలు ఐదు జతచేశాం. వాపసు సంగతి తర్వాత చూసుకుందాం, ఆ థర్మకోల్ షీట్లు మాత్రం ఉత్తరం అందిన రోజే ఫోన్ చేసి పీకించండి. ఈ శనివారానికి కూడా మీకు బుకింగులు ఉన్నాయని కేర్‌టేకర్ చెప్పాడు.

ఇట్లు,
మూడు కుటుంబాల తరఫున,
జయపురం