వల కన్ను మారితే లెక్క మారుతుంది

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. మాకు సముద్రం దూరమే. అయినా కాకినాడ తీరం నుంచి మా పిల్లలు తెచ్చిన రెండు సీసాలు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. రెండూ ఒకే చోట, ఒకే పూట వల లాగి పట్టిన ప్లవకాలే, అంటే నీటి వాలుకు కొట్టుకుపోయే సన్నటి జీవులే. ఒక జట్టు వల కన్ను (వలలోని రంధ్రం) 200 మైక్రాన్లు, ఇంకో జట్టుది 60; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మొదటి సీసాలో రొయ్యలకు దూరపు చుట్టాలైన కోపిపాడ్లు బియ్యపు నూకల్లా విడివిడిగా ఉన్నాయి. రెండో దాంట్లో వాటి పిల్లలు, ఏకకణ నాచులైన డయాటమ్‌లు కలిసి పచ్చటి మడ్డిలా పేరుకున్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి జీవులు పెరిగాయో తగ్గాయో ఎలా చెప్పగలం?

ఉత్తర అట్లాంటిక్‌లో 1931 నుంచి ఓడల వెనక లాగే, ప్లవకాలను వడకట్టి దాచే ప్లాంక్టన్ రికార్డర్‌లో అదే 270 మైక్రాన్ల పట్టుబట్ట వాడుతున్నారు. అందుకే తాతల నాటి లెక్కను ఇవాళ్టి లెక్కతో పోల్చగలుగుతున్నారు.

మన తీరంలో సర్వే చేసే కాలేజీలు, శాఖలు కూడా వల కన్ను, లోతు, లాగిన సేపు, ఆటుపోటు వేళ ఒకే ఫారంలో రాయాలి. ముఖ్యంగా వల గుండా ఎన్ని నీళ్లు పోయాయో రాయాలి. ఆ నీటిని కొలిచే ఫ్లోమీటర్ కొనలేకపోతే వల మూతి వెడల్పు, లాగిన దూరమైనా చాలు. ఆ ఫారం తెలుగులో ఉంటే పడవ నడిపే మత్స్యకారులూ నింపగలరు. తుంగభద్రలో మేం తీసే నమూనాలకూ అదే వాడుకుంటాం.

– ఒక జువాలజీ అధ్యాపకుడు, కర్నూలు