మళ్లీ చదివినా పాత గ్రేడు పోదు
అమెరికాలో డెంటల్ సీటు కోసం తయారయ్యే పిల్లల్లో, సైన్స్ కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు చెరిగిపోతుందన్న భ్రమ ఎక్కువగా ఉంది. మా అమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో మొదట ‘సి’ వచ్చింది. మళ్లీ చదివి ‘ఎ’ తెచ్చుకుంది. కాలేజీ లెక్కలో ‘ఎ’ ఒక్కటే నిలిచింది. డెంటల్ కాలేజీలకు ఉమ్మడి దరఖాస్తులు తీసుకునే సేవ ఆడ్‌సాస్ మాత్రం ‘సి’కి 2, ‘ఎ’కి 4 చొప్పున రెండూ కలిపి సగటు 3.0 కట్టింది. పైగా అక్కడ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌ల జీపీఏ (గ్రేడుల సగటు) విడిగా కనబడుతుంది. చరిత్రలోనో సంగీతంలోనో వచ్చిన ‘ఎ’లు ఆ లోటు పూడ్చవు. ఇదంతా మాకు తెలిసింది మూడో ఏట! కాలేజీ సలహాదారులు మొదటి సెమిస్టర్‌లోనే ఈ లెక్క కాగితం మీద వేసి చూపాలి. గట్టెక్కలేమనిపిస్తే గడువులోగా కోర్సు వదులుకోవచ్చని, అలా వదిలితే జీపీఏ తగ్గదని కూడా చెప్పాలి.