కర్తను బట్టి క్రియ: ప్రతిసారీ జవాబు ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారాలు.

మీ విద్యా పేజీలో వస్తున్న ఆంగ్ల వ్యాకరణ పాఠాల్లో, కర్తకు తగిన క్రియను ఎంచుకోవడం గురించి ఇటీవల ప్రచురించిన భాగాన్ని శ్రద్ధగా చదివాను. నియమాలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ ఇచ్చి, చివర బిట్లు, వాటి కింద ‘కీ’ వేశారు. ఆ నియమాల్లో చాలావరకు తప్పు పట్టవలసినవి కావు. నా అభ్యంతరమల్లా కారణం చెప్పవలసిన చోట కంఠస్థం చేయమనడం గురించి, ఆంగ్లం మాతృభాషగా గలవారే రెండు విధాలా రాసే చోట ఒక్క జవాబునే ఒప్పుగా తేల్చేయడం గురించి.

కర్తను బట్టి క్రియ మారడం తెలుగువారికి కొత్త విషయం కాదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని మన క్రియ పురుషను, వచనాన్ని, చాలా చోట్ల లింగాన్ని కూడా చెబుతుంది. ఆంగ్లంలో ఈ బాదరబందీ చాలా తక్కువ. ‘బీ’ క్రియ రూపాలను పక్కన పెడితే వర్తమానంలో ఏకవచన ప్రథమ పురుషకు (ఆంగ్లంలో ‘థర్డ్ పర్సన్’) చివర ఒక ‘ఎస్’ చేరుతుంది, అంతే. ఇంతకంటే పెద్ద భారాన్ని పుట్టినప్పటి నుంచి మోస్తున్న మనం ఆ ఒక్క ‘ఎస్’ దగ్గర ఎందుకు తడబడతామో మీ పాఠంలో ఎక్కడా చెప్పలేదు.

నా దృష్టిలో అసలు చిక్కు పదాల వరుసలో ఉంది. ‘బల్ల మీది పుస్తకాల జాబితా పొడవుగా ఉంది’ అన్న వాక్యాన్ని చూడండి. ఇక్కడ కర్త జాబితా. బల్ల, పుస్తకాలు దాన్ని వివరించే మాటలు. తెలుగులో వివరణ అంతా ముందే అయిపోతుంది కాబట్టి అసలు కర్త వచ్చి క్రియాభాగానికి ఆనుకుని నిలుస్తుంది. ఆంగ్లంలో ఈ క్రమం తలకిందులవుతుంది. ‘ద లిస్ట్ ఆఫ్ బుక్స్ ఆన్ ద టేబుల్ ఈజ్ లాంగ్’ అన్నప్పుడు కర్త అయిన ‘లిస్ట్’ మొదట్లోనే వచ్చి దూరమవుతుంది, క్రియ చేరేసరికి మధ్యలో వేరే నామవాచకాలు అడ్డుపడతాయి. క్రియకు దగ్గరున్న మాటను కర్తగా పట్టుకునే అలవాటున్న మనకు, అడ్డుగా వచ్చిన ‘బుక్స్’ చెవిలో మోగుతూ ‘ఆర్’ అనిపిస్తుంది.

అయితే ఈ పొరపాటు మనకు మాత్రమే పరిమితమైనది కాదు. కాథ్రిన్ బాక్, కేరల్ మిల్లర్ అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంగ్లం మాట్లాడేవారికి వాక్యారంభాలను ఇచ్చి పూర్తి చేయమన్నారు. ఏకవచన కర్త తర్వాత బహువచన నామం అడ్డువస్తే క్రియ బహువచనంలోకి జారిపోవడం, బహువచన కర్త తర్వాత ఏకవచన నామం వచ్చినప్పటి కంటే ఎక్కువగా జరిగింది. అంటే విద్యార్థి ఎక్కువ జాగ్రత్తపడవలసినది ‘లిస్ట్ ఆఫ్ బుక్స్’ వంటి చోట్ల. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే, ‘ఎలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’, ‘టుగెదర్ విత్’ వంటివాటికి మీరు విడివిడిగా ఇచ్చిన నియమాలన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చేవి. అవి కర్తకు తోడుగా వచ్చిన మాటలే తప్ప కర్తలో భాగం కావు కనుక క్రియను మార్చలేవు.

రెండో విషయం రూపానికీ అర్థానికీ మధ్య తగువు. ఇదీ మనకు ఇంట్లో ఉన్నదే. ‘జనం వచ్చారు’ అంటాం, ‘సైన్యం వచ్చింది’ అంటాం. రెండూ రూపంలో ఏకవచనాలే, రెండింటిలోనూ ఉన్నది మనుషుల గుంపే. మొదటి దాంట్లో మనుషులు కనబడుతున్నారు, రెండో దాంట్లో ఒక వ్యవస్థ కనబడుతోంది. ‘రెండు గంటలు పట్టింది’ అన్నప్పుడు గంటలు బహువచనమైనా మొత్తం కాలాన్ని ఒక్కటిగా చూస్తున్నాం కనుక ‘పట్టింది’ సహజంగా వస్తుంది. ‘టూ అవర్స్ ఈజ్ ఎ లాంగ్ టైమ్’ అన్న వాక్యంలో జరుగుతున్నది కూడా సరిగ్గా ఇదే. దీన్ని ఒక వింత మినహాయింపుగా భయపెడుతూ చెప్పవలసిన అవసరం లేదు.

‘కమిటీ’, ‘టీమ్’, ‘గవర్నమెంట్’ వంటి సమూహవాచకాలకు ఏకవచనమే వాడాలని మీ పాఠంలో ఉంది. అమెరికన్ రచనలకు ఇది చాలావరకు సరిపోతుంది. బ్రిటిష్ ఆంగ్లంలో సభ్యులను విడివిడిగా తలచుకున్నప్పుడు ‘ద కమిటీ హ్యావ్’ అనడం మామూలే. అక్కడి క్రీడా వార్తల్లో జట్టు పేరు పక్కన ‘ఆర్’ నిత్యం కనిపిస్తుంది. కాలాన్ని బట్టి కూడా ఈ చూపు మారుతుంది. అమెరికా రాజ్యాంగానికి 1865లో ఆమోదం పొందిన 13వ సవరణలో ‘యునైటెడ్ స్టేట్స్’కు ‘దెయిర్’ అనే బహువచన సర్వనామం వాడారు. ఇవాళ అదే పేరుకు ఎవరైనా ‘ఈజ్’ అనే రాస్తారు. ‘ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హ్యావ్ కమ్’, ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హ్యాజ్ ఇంక్రీజ్డ్’ అన్న జంట కూడా ఈ కోవలోదే. మొదటి దాంట్లో వచ్చింది విద్యార్థులు, రెండో దాంట్లో పెరిగింది సంఖ్య. ‘ఎ’కు బహువచనం, ‘ద’కు ఏకవచనం అని బట్టీ పట్టించడం కంటే ఈ మాట చెప్పడం సులభం.

ఇక ఈ ఉత్తరం రాయడానికి నన్ను పురికొల్పిన బిట్టు ‘నన్ ఆఫ్ ద స్టూడెంట్స్’ గురించినది. కీలో ‘ఈజ్’ మాత్రమే ఒప్పు, ‘ఆర్’ తప్పు అన్నారు. బ్రిటిష్ వ్యాకరణవేత్త ఫౌలర్ 1926లో వెలువరించిన ఆంగ్ల వాడుక నిఘంటువులోనే, ‘నన్’కు ఏకవచనం తప్ప మరొకటి పనికిరాదనుకోవడం పొరపాటని స్పష్టంగా రాశారు. అంత పట్టుదల గల వ్యాకరణవేత్తే అనుమతించిన దాన్ని మనం తప్పుగా దిద్దడం విడ్డూరమే. తెలుగులో ‘ఒక్కరూ రాలేదు’, ‘ఎవరూ రాలేదు’ అన్నప్పుడు ‘రాలేదు’ వచనాన్ని పట్టించుకోదు కాబట్టి మనకు ఈ ప్రశ్నే పుట్టదు. కనుక మన విద్యార్థికి సొంత చెవి సాయం చేయని చోటు ఇది. ఇలాంటి చోట అచ్చులో వచ్చిన కీ మీదే అతడు పూర్తిగా ఆధారపడతాడు. ఫలానా పరీక్షలో ఏకవచనాన్నే కోరుతారని మీకు తెలిస్తే ఆ మాట రాయండి, అందులో తప్పు లేదు. కానీ అది పరీక్ష పెట్టేవారి ఆనవాయితీ అనీ, భాషలో రెండూ చెల్లుతాయనీ పక్కనే ఒక వాక్యం ఉండాలి.

‘నైదర్ – నార్’ గురించి మీరు చెప్పినది సరైనదే. దగ్గరి కర్తను బట్టి క్రియ నడవడం రాతలో స్థిరపడిన పద్ధతి: ‘నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ హ్యావ్ కమ్’. కర్తలను తిప్పి రాస్తే ‘హ్యాజ్ కమ్’. ‘మోర్ దాన్ వన్ స్టూడెంట్ హ్యాజ్ ఫెయిల్డ్’ అన్నదాంట్లో అర్థం నిస్సందేహంగా బహువచనమే అయినా, పక్కనే ఉన్న ‘వన్ స్టూడెంట్’ క్రియను తన వైపు లాక్కుంటుంది. ‘నువ్వూ కాదు, నేనూ కాదు’ వంటి కర్తలు ఎదురైనప్పుడు ‘యామ్’, ‘ఆర్’ మధ్య నలిగిపోవడం కంటే వాక్యాన్నే విడగొట్టి రాసుకోవడం మేలు. అనుభవం గల రచయితలు చేసే పని అదే.

చివరిగా, మీ పాఠంలో ఒక్క పంక్తితో దాటవేసిన ‘వన్ ఆఫ్ దోజ్ హూ’ విషయంలో తెలుగు మనకు చక్కగా అక్కరకు వస్తుంది. ‘ఉత్తీర్ణులైన విద్యార్థుల్లో ఆమె ఒకరు’ అన్నప్పుడు ‘ఉత్తీర్ణులైన’ అన్న విశేషణం విద్యార్థులకు చెందుతుంది కాబట్టి ‘షీ ఈజ్ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్డ్’ అని బహువచనం రావాలి. ‘విద్యార్థుల్లో ఉత్తీర్ణురాలైనది ఆమె ఒక్కతే’ అంటే మాట ఆమెకే చెందుతుంది, అప్పుడు ‘షీ ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యాజ్ పాస్డ్’. మొదటి రకం వాక్యంలో కూడా మంచి రచయితలు కొందరు ఏకవచనం వాడుతూనే ఉన్నారు, కనుక దాన్ని ఘోరమైన తప్పుగా లెక్కించకూడదు. కానీ ఈ రెండు వాక్యాల తేడా తెలిసిన విద్యార్థికి ఇందుకోసం వేరే నియమం గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు.

భవదీయుడు,
ఒక ఆంగ్ల ఉపాధ్యాయుడు