మా ఇళ్ళలో నిలిచే గ్లాసు గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో విస్కీ తాగేవారికి ఎలాంటి గ్లాసులు బాగుంటాయో ఒక పేజీ నిండా వేశారు. చెక్కుడు పనితో మెరిసే క్రిస్టల్ గ్లాసులు, గాజు బిరడా పెట్టిన కూజా, జత వేల రూపాయలు. నల్లగొండలో రెండు గదుల ఇంట్లో పింఛను మీద బతికే నాలాంటి వాడికి అవి ఎందుకూ పనికిరావు. పనికొచ్చే గ్లాసు గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి నాకు తెలిసింది నేనే రాస్తున్నాను.

నేను విద్యుత్ శాఖలో 34 ఏళ్ళు పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఆదివారం రాత్రి భోజనానికి ముందు రెండు చిన్న పెగ్గులు తీసుకుంటాను, మిగతా ఆరు రోజులూ ముట్టను. ఎవరినీ తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఉద్యోగంలో ఉండగా పర్మిట్ రూముల్లో, ప్లాస్టిక్ గ్లాసుల్లో తాగినవాణ్ణే. రిటైరైన రోజున ఇకమీదట బయట తాగనని మా ఆవిడకు మాటిచ్చాను. ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇంట్లో అందరూ మంచినీళ్ళు తాగే స్టీలు గ్లాసులను దానికి వాడకూడదంది. న్యాయమైన మాటే.

అలా క్లాక్ టవర్ దగ్గరలో ఒక దుకాణంలో 180 రూపాయలకు ఆరు గాజు గ్లాసులు కొన్నాను. పొడవుగా, పల్చగా, నడుము దగ్గర సన్నగా ఉండేవి. రెండు నెలలు గడిచాయో లేదో, ఒక సోమవారం పొద్దున మా ఆవిడ పీచు పట్టుకున్న చెయ్యిని బలవంతంగా లోపలికి దూర్చి తిప్పుతుండగా గ్లాసు అంచు నుంచి అడుగుదాకా నిలువునా విచ్చుకుంది. బొటనవేలి మొదట్లో నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ ఆమె ఆ చేత్తో సీసా మూత బిగించలేకపోతోంది. తాగింది నేను, చెయ్యి తెగింది ఆమెకు. ఆ తర్వాత ఆ దుకాణానికి వెళ్ళి ఇది ఏ రకం గాజు అని అడిగితే, గాజు గాజే కదా సార్ అన్నారు.

గాజులన్నీ ఒకటి కావు. అది నాకు లైన్ల మీద పనే నేర్పింది. పెద్ద టవర్ల మీద తీగను మోసే ఇన్సులేటర్ డిస్కుల్లో పింగాణీవీ ఉంటాయి, గాజువీ ఉంటాయి. పింగాణీ డిస్కు లోపల చీలిక పడితే నేల మీద నిలబడి కనిపెట్టడం కష్టం. గాజు డిస్కు దెబ్బతిన్నదంటే మొత్తం ఒక్కసారిగా రాలిపోయి, ఇనుప టోపీ దగ్గర మొండి మాత్రం మిగులుతుంది. తల ఎత్తితే చాలు, ఎన్నో డిస్కు పోయిందో లెక్కపెట్టవచ్చు. ఒకసారి టవర్ కింద జొన్న చేలో రాలిన ఆ ముక్కలను దోసిట్లోకి ఎత్తి చూశాను. కలకండ పలుకుల్లా ఉన్నాయి. కత్తిలా పొడుచుకువచ్చే పెంకు ఒక్కటీ లేదు.

దాన్ని టఫెన్డ్ గాజు అంటారు, టెంపర్డ్ అన్నా అదే. 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, చల్లని గాలి కొట్టి పైపొరను ముందు బిగిసిపోయేలా చేస్తారు. లోపలి గాజు నిదానంగా చల్లారుతూ ఆ పైపొరను తన వైపు లాక్కుంటుంది. అలా నొక్కుకుని ఉన్న పైపొర మామూలు దెబ్బలను తట్టుకుంటుంది. బస్సు కిటికీ అద్దాలూ ఇవే. తాగే గ్లాసులు కూడా ఇలా చేస్తారు. ఫ్రాన్సులో డ్యూరాలెక్స్ అనే కంపెనీ తెచ్చిన పలకల గ్లాసు పికార్డీ 1954 నుంచి ఉంది. మన దగ్గర కూడా డబ్బా మీద టఫెన్డ్ అనో టెంపర్డ్ అనో రాసి ఉన్నవి వెతికితే దొరుకుతాయి. నేను హైదరాబాద్ బేగంబజారుకు వెళ్ళి ఆరు తెచ్చుకున్నాను, 840 రూపాయలు. మూడేళ్ళయింది. రెండుసార్లు చేయి జారి షాబాదు బండల మీద పడ్డాయి. ఆరూ ఉన్నాయి.

అలాగని వాటిని ఎలా పడితే అలా వాడకూడదు. ఈ గాజుకు గీత పడితే బలం పోతుంది. గీత లోతుగా దిగితే ఎప్పుడో ఒకప్పుడు, ఎవరూ ముట్టుకోకుండానే పగలవచ్చు. అందుకే మా ఇంట్లో వీటికి ఇనుప పీచు, బూడిద తగలనివ్వం. మెత్తటి గుడ్డ, సబ్బు, అంతే. మా బోరు నీళ్ళకు గాజు మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని గోకకుండా, పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది పది నిమిషాలు వదిలేస్తే కరిగిపోతుంది. నకిరేకల్ నిమ్మకాయలు ఉన్న జిల్లాలో దానికి వేరే పొడి కొనక్కరలేదు. బోరోసిలికేట్ అని అమ్మే గాజు సంగతి వేరు. అది వేడి టీ పోసినా చిట్లదు గానీ పల్చగా ఉంటే కింద పడినప్పుడు పగులుతుంది.

కొనేటప్పుడు నేను చూసేవి మూడు నాలుగే. నా పిడికిలి లోపలికి సులువుగా పోవాలి. అంచు గుండ్రంగా, పెదవికి మొద్దుగా తగలాలి. అడుగు మందంగా ఉండి, బల్ల మీద పెడితే ఊగకూడదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గాజులో బుడగ కనిపించకూడదు. ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టే గ్లాసులైతే బిగుసుకుంటాయి, విడదీసేటప్పుడే సగం పగులుతాయి. నేను ఎప్పుడూ విడివిడిగానే బోర్లిస్తాను.

వెడల్పు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తెలియకుండా ఎక్కువ పోసుకుంటారు. మనవడి దగ్గు మందు మూత పది మిల్లీలీటర్లది. దానితో మూడుసార్లు కొలిచి, 30 మిల్లీలీటర్లు రెండు గ్లాసుల్లో పోసి స్కేలు పెట్టి చూశాను. లోపలి వెడల్పు 5 సెంటీమీటర్లు ఉన్నదానిలో ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది. 7 సెంటీమీటర్ల దానిలో ఎనిమిది మిల్లీమీటర్లు కూడా రాలేదు. వెడల్పు గ్లాసులో పెగ్గు పోసుకుంటే ఇంతేనా అనిపించి చెయ్యి ఇంకొంచెం వంగుతుంది. మన విస్కీ 42.8 శాతం ఉంటుంది కాబట్టి ప్రతి 30 మిల్లీలీటర్లలో దాదాపు పది గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతుంది. నా గ్లాసుకు బయటి వైపు, 30 దగ్గర, కోడలి గోళ్ళరంగుతో సన్నని గీత గీశాను. చెరిగినప్పుడల్లా మళ్ళీ గీస్తాను. ఆ గీత దాటి ఇప్పటిదాకా పోయలేదు. స్టీలు గ్లాసుతో ఈ పని జరగదు.

మా అల్లుడు స్కాట్లాండ్ వారి గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఒకటి తెచ్చిచ్చాడు. 2001లో వచ్చిన రకమట. మొగ్గలా ఉంటుంది, మూతి సన్నం. నీళ్ళు కలపకుండా వాసన చూస్తూ కొంచెం కొంచెంగా తాగేవారికి చక్కగా చేశారు. మనం సోడానో నీళ్ళో నిండుగా పోసుకుంటాం. అందులో 200 మిల్లీలీటర్లు కూడా పట్టవు, కడగడానికి వేళ్ళు దూరవు. అద్దాల బీరువాలో పెట్టాను.

మీ పేజీలో మెచ్చుకున్న కూజా విషయం మాత్రం సరిదిద్దండి. పాత పద్ధతి క్రిస్టల్‌లో సీసం కలుస్తుంది, లెడ్ క్రిస్టల్ అంటే బరువులో దాదాపు నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, లెడ్ ఆక్సైడే. అలాంటి కూజాలో విస్కీని రోజుల తరబడి నిలవ ఉంచితే సీసం అందులోకి దిగుతుంది. కూజా అందం గురించి అంత రాసి ఈ సంగతి విడిచిపెట్టడం తప్పు. కొన్న సీసాలోనే ఉంచుకోమని పాఠకులకు చెప్పండి.

ఇంకొకటి. మా వీధికి చెత్తబండితో వచ్చే అమ్మాయి చేతికి చాలా రోజులు తొడుగు ఉండేది కాదు. మా ఇంట్లో పగిలిన గ్లాసు పెంకులను నేను నాలుగు మడతల పేపర్లో చుట్టి, తాడు కట్టి, పైన గాజు అని పెద్ద అక్షరాలతో రాసి ఆమె చేతికే ఇచ్చాను. ఇలా ఇచ్చింది మీరొక్కరే అంది. పెంకులు చుట్టింది మీ పత్రికలోనే. ఆ సంగతి కూడా మీరు ఒక మూల అచ్చు వేస్తే బాగుంటుంది.

గ్లాసులు అమ్మేవారు ఏ రకం గాజో డబ్బా మీద తెలుగులో రాయాలని మీ పత్రిక అడగాలి. ఈసారి పేజీ వేసేటప్పుడు 150 రూపాయల లోపు గ్లాసులను మీవాళ్ళే కొని, బండ మీద వదిలి చూసి రాయాలని కోరుతున్నాను. అవసరమైతే నా ఆరింటిలో ఒకటి పట్టుకుని మీ నల్లగొండ కార్యాలయానికి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
రామగిరి, నల్లగొండ